ఒకే క్రిస్టల్‌కి ఎన్ని యూనిట్ సెల్స్? ఇండెక్సింగ్‌తో నా అనుభవం

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి సార్ మొదట ఇచ్చే శాంపిల్ పారాసిటమాల్. పొడిని వేడి నీళ్లలో కరిగించి, వడగట్టి, బీకరు మీద చిల్లులు పెట్టిన మూత వేసి ఓ మూల వదిలేస్తే చాలు, మంచి ముఖాలున్న క్రిస్టల్స్ వస్తాయి. స్ట్రక్చర్ ఎప్పుడో తెలిసిపోయింది. కాబట్టి మనకు వచ్చిన జవాబు సరైనదో కాదో వెంటనే సరిచూసుకోవచ్చు. నేనూ అలాగే మొదలుపెట్టాను. అందరికీ తెలిసిన ఆ మందుబిళ్ల పదార్థమే యూనిట్ సెల్ (పదేపదే పేర్చితే మొత్తం క్రిస్టల్ తయారయ్యే చిన్న గడి) అంటే ఏమిటో నాకు నేర్పింది. ఎమ్మెస్సీలో రెండేళ్లు బ్రావే లాటిస్‌ల (క్రిస్టల్‌లో బిందువుల అమరికల రకాలు) పట్టిక బట్టీ పట్టినా అంత బాగా అర్థం కాలేదు.

హైదరాబాద్‌లో కెమిస్ట్రీ చదివేవాళ్లకి పాలిమార్ఫ్ (ఒకే పదార్థం వేరే రకంగా పేర్చుకున్న క్రిస్టల్ రూపం) అనే మాట కొత్త కాదు. చుట్టూ ఫార్మా కంపెనీలు ఉన్నాయి. పైగా గౌతమ్ దేశిరాజు సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేసిన రోజుల నుంచీ క్రిస్టల్ ఇంజనీరింగ్‌లో ఈ ఊరికి పేరుంది. ఒకే అణువు రెండు రకాలుగా పేర్చుకుంటే మందు కరిగే తీరు మారొచ్చు, బిళ్లగా ఒత్తితే నిలుస్తుందా లేదా అన్నదీ మారొచ్చు. పారాసిటమాల్‌నే తీసుకోండి. మామూలుగా దొరికే ఫారమ్ వన్ మోనోక్లినిక్, అంటే సిమెట్రీ వల్ల గడిలో రెండు కోణాలు 90 అయ్యే రకం. దాన్ని నేరుగా ఒత్తితే బిళ్ల సరిగా నిలవదు, బైండర్ కలపాలి. ఆర్థోరాంబిక్ (సిమెట్రీ వల్ల మూడు కోణాలూ 90) అయిన ఫారమ్ టూలో అణువులు పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి అది బాగా ఒత్తుకుంటుంది. అందుకే యూనిట్ సెల్ అంకెలు పాత పేపర్‌తో కలవలేదంటే, కొత్త పాలిమార్ఫ్ దొరికిందేమోనని ఎవరికైనా గుండె ఒక్కసారి వేగంగా కొట్టుకుంటుంది.

నాకూ అదే జరిగింది. మైక్రోస్కోప్ కింద పోలరైజర్ తిప్పుతూ, ఒక్కసారిగా మొత్తం చీకటయ్యే క్రిస్టల్ కోసం వెతికాను. అలా కాకుండా సగం వెలిగి సగం ఆరితే అది ఒకే క్రిస్టల్ కాదు, రెండు అతుక్కుని ఉన్నాయని అర్థం. దొరికినదాన్ని నూనెలో ముంచి, లూప్‌తో ఎత్తి, గోనియోమీటర్ మీద పెట్టి సెంటర్ చేశాను. పాత పేపర్‌తో పోల్చడానికి వీలుగా గది ఉష్ణోగ్రత దగ్గరే మాలిబ్డినం ఎక్స్‌రేలతో కొన్ని ఫ్రేములు, అంటే క్రిస్టల్ చెదరగొట్టిన ఎక్స్‌రే స్పాట్ల ఫోటోలు, తీశాం. ఇండెక్సింగ్ అంటే ఒక్కో స్పాట్‌కీ హెచ్, కె, ఎల్ అనే మూడు సూచికలు ఇస్తూ, వాటికి సరిపోయే యూనిట్ సెల్ తేల్చడం. స్పాట్లు ఏరి ఇండెక్స్ చేయమంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సెల్ ఇది (ఎ, బి, సి గడి అంచుల పొడవులు, బీటా ఎ, సిల మధ్య కోణం): ఎ 7.10, బి 9.40, సి 11.72 ఆంగ్‌స్ట్రాంలు, బీటా 97.1 డిగ్రీలు. జపాన్‌కి చెందిన హైసా బృందం 1976లో ప్రచురించిన ఫారమ్ వన్ సెల్ మాత్రం ఎ 12.93, బి 9.40, సి 7.10, బీటా 115.9. స్పేస్ గ్రూప్ (క్రిస్టల్ సిమెట్రీకి పెట్టే పేరు) పి 2₁/ఎ.

రెండు అంకెలు కలిశాయి, మూడోది కలవలేదు, కోణం అసలే కలవలేదు. "అక్కా, ఇది ఫారమ్ వన్ కాదేమో" అన్నాను, పక్క సిస్టమ్ మీద పనిచేసుకుంటున్న సీనియర్‌తో. ఆమె తల తిప్పకుండానే "ముందు వాల్యూమ్ లెక్కపెట్టు. ఆ తర్వాత పెన్ను తీసి వెక్టర్లు గీయి. సాఫ్ట్‌వేర్‌ని ఇప్పుడే ఏమీ అడగకు" అంది.

వాల్యూమ్ అంటే మూడు పొడవుల లబ్ధాన్ని సైన్ బీటాతో గుణించడమే. పాత సెల్‌కి 776.3 ఘన ఆంగ్‌స్ట్రాంలు వచ్చింది, నా సెల్‌కి 776.2. ఒక్కో సెల్‌లో నాలుగు అణువులు పడతాయి. సాంద్రత 1.29 దగ్గర తేలుతుంది. హమ్మయ్య అనుకున్నాను గానీ అక్క ఒప్పుకోలేదు. వాల్యూమ్ ఒకటైనంత మాత్రాన లాటిస్ ఒకటే అని చెప్పలేం. వేర్వేరు పాలిమార్ఫ్‌ల సాంద్రతలు కూడా చాలాసార్లు పక్కపక్కనే ఉంటాయి. వాల్యూమ్ తేడాగా ఉంటే, అదీ సరిగ్గా రెట్టింపు లాంటిది కాకపోతే, రెండూ వేరని తేల్చేయొచ్చు. సమానంగా ఉంటే ఇంకా చూడాల్సింది ఉందన్నమాట.

ఇక్కడ లాటిస్‌కీ సెల్‌కీ ఉన్న తేడా చెప్పాలి. సంక్రాంతి ముగ్గుకి వాకిట్లో చుక్కలు పెడతారు కదా. చుక్కలు అవే ఉంటాయి, వాటిని కలిపే గీతలు ఎలా గీయాలన్నది మన ఇష్టం. నాలుగు చుక్కలు కలిపి చతురస్రం గీయొచ్చు, అవే చుక్కల మీద వాలుగా సమాంతర చతుర్భుజమూ గీయొచ్చు. లోపల వేరే చుక్క లేకుండా ఉన్నంతవరకు వాటి వైశాల్యం ఒకటే. సందు చుక్కల ముగ్గైతే పెద్ద దీర్ఘచతురస్రం గీసి మధ్యలో ఒక చుక్కను ఉంచుకోవచ్చు, లేదా దాంట్లో సగం ఉండే వాలు గడిని ఎంచుకోవచ్చు. క్రిస్టల్ మనకిచ్చేది చుక్కల వరస మాత్రమే. గడి గీసేది మనం, లేదా మన తరఫున సాఫ్ట్‌వేర్.

సరే, పెన్ను తీశాను. రెండు సెల్స్‌లోనూ బి 9.40. మోనోక్లినిక్‌లో ప్రత్యేకమైన అక్షం అదే, దాన్ని కదపడానికి లేదు. ఆటంతా ఎ, సి అక్షాలున్న తలంలో. పాత సెల్‌లోని ఎ, సి వెక్టర్లను కూడితే వచ్చే కర్ణం పొడవెంత? 12.93 వర్గం, 7.10 వర్గం కలిపి, దానికి రెండింతల లబ్ధాన్ని కోసైన్ 115.9తో గుణించి చేర్చాలి. ఆ కోసైన్ మైనస్ 0.437 కాబట్టి ఆ భాగం తగ్గిపోతుంది. మిగిలినది 137.4. వర్గమూలం 11.72! నా సెల్‌లోని సి అక్షం అదే. ఇక కోణం: పాత సి అక్షానికీ ఈ కర్ణానికీ మధ్య 82.9 డిగ్రీలు వచ్చింది. పాత సి దిశను తిప్పేస్తే 97.1. అంటే కొత్త ఎ అంటే పాత సిని తిప్పినది, బి యథాతథం, కొత్త సి అంటే పాత ఎ, పాత సిల మొత్తం. ఈ మార్పును మూడు వరసల మ్యాట్రిక్స్‌గా రాసి డిటర్మినెంట్ కడితే సరిగ్గా 1. చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు, కుడిచేతి వాటం ఎడమచేతి వాటంగా మారనూ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాతి మెట్టు. రిఫ్లెక్షన్ల సూచికలు కూడా అదే మ్యాట్రిక్స్‌తో మారతాయి. కొత్త హెచ్ అంటే మైనస్ పాత ఎల్, కె మారదు, కొత్త ఎల్ అంటే పాత హెచ్, పాత ఎల్ కలిపితే వచ్చేది. పాత సెల్ పి 2₁/ఎ కాబట్టి, కె సున్నా ఉన్న రిఫ్లెక్షన్లలో హెచ్ బేసి సంఖ్య అయితే స్పాట్ ఉండదు. కొత్త సెల్‌లో హెచ్, ఎల్ కూడితే ఏమొస్తుంది? మైనస్ ఎల్, ప్లస్ హెచ్, ప్లస్ ఎల్. ఎల్‌లు కొట్టేసుకుపోయి పాత హెచ్ మిగులుతుంది. కాబట్టి కొత్త సెల్‌లో హెచ్, ఎల్‌ల మొత్తం బేసి అయినచోట స్పాట్ ఉండకూడదు. అది ఎన్ గ్లైడ్ (కర్ణం వెంట సగం జరిపి అద్దంలో తిప్పినట్టుండే సిమెట్రీ) నియమం, అంటే పి 2₁/ఎన్. పాత సెల్‌లో 1 0 2 కనిపించదు. కొత్త సెల్‌లో అది మైనస్ 2 0 3 అవుతుంది, మొత్తం 1, బేసి, అక్కడా కనిపించదు. నా ఫ్రేముల నుంచి కట్టిన రెసిప్రోకల్ లాటిస్ (స్పాట్లన్నీ కలిసి ఏర్పరచే వల) చిత్రంలో కె సున్నా పొరను తెరిచి చూశాను. ఒకటి విడిచి ఒకటిగా ఖాళీలు, ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి.

పరమాణువుల కోఆర్డినేట్లు మాత్రం ఈ మ్యాట్రిక్స్‌తో మారవు, దాని విలోమంలో అడ్డువరసల్ని నిలువువరసలుగా మార్చి రాసినదానితో మారతాయి. ఈ కేసులో కొత్త ఎక్స్ అంటే పాత ఎక్స్‌లోంచి పాత జడ్ తీసేసినది. వై అదే. కొత్త జడ్ అంటే పాత ఎక్స్. సెల్ మార్చి కోఆర్డినేట్లు మార్చకపోతే అణువు చిందరవందరగా కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ రెండు మ్యాట్రిక్స్‌లనీ ఒక్కసారైనా చేత్తో రాసి చూడాలని నా గట్టి అభిప్రాయం. బటన్ నొక్కితే వచ్చేస్తుంది, నిజమే. కానీ ఆ బటన్ వెనక ఏం జరుగుతుందో తెలియకపోతే ప్రోగ్రామ్ చూపించే రెండు సెల్స్‌లో ఏది ఎందుకు ఎంచుకోవాలో చెప్పలేం.

ఈ లాటిస్‌కి మూడో గడి కూడా ఉంది. 11.72, 12.93 పొడవులను అక్షాలుగా తీసుకుంటే మధ్య కోణం 147 డిగ్రీలు వస్తుంది. గణితం ప్రకారం అదీ సరైన సెల్లే, వాల్యూమ్ అదే. ఎవరూ వాడరంతే. ఇక 7.10ని ఎ గానూ, 12.93ని సి గానూ రాసి, బి దిశ తిప్పుకుంటే అందరికీ తెలిసిన పి 2₁/సి వస్తుంది. పి 2₁/సి, పి 2₁/ఎన్, పి 2₁/ఎ మూడూ ఒకే స్పేస్ గ్రూప్, పట్టికలో 14వ నంబర్. సెల్ ఎంపికను బట్టి పేరు మారుతుంది. సేంద్రియ అణువుల క్రిస్టల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే గ్రూప్ కూడా ఇదే కాబట్టి, ఈ పనిలో ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది.

పారాసిటమాల్ తర్వాత నా సొంత కోక్రిస్టల్ (రెండు వేర్వేరు అణువులు కలిసి పేర్చుకున్న క్రిస్టల్) వచ్చింది. సూదుల్లా పెరిగే రకం. ఇండెక్సింగ్‌లో మొదట వచ్చిన సెల్ ట్రైక్లినిక్: 5.10, 12.56, 13.79 ఆంగ్‌స్ట్రాంలు. ఆల్ఫా 73.5, బీటా 79.3, గామా 78.3. ఒక్క కోణం కూడా 90 లేదు. చూడగానే సిమెట్రీ ఏమీ లేదనిపిస్తుంది. సార్ మానిటర్ వైపు కాసేపు చూసి "12.56ని కోసైన్ 78.3తో గుణించు" అన్నారు. 2.55. "13.79ని కోసైన్ 79.3తో?" అదీ దాదాపు 2.55. రెండూ 5.10లో సరిగ్గా సగం. అంటే మిగతా రెండు వెక్టర్లూ చిన్న అక్షం వెంట సగం దూరంలో పడుతున్నాయి. లాటిస్ పాయింట్ మధ్యలో దాక్కుని ఉందనడానికి అదే గుర్తు.

సాఫ్ట్‌వేర్ మొదట చూపేది సాధారణంగా రెడ్యూస్డ్ సెల్. అన్నిటికన్నా పొట్టి వెక్టర్లతో కట్టిన సెల్ అన్నమాట. దీన్ని ఒకే ఒక్క రకంగా ఎంచుకునే నియమాలు పాల్ నిగ్లీ 1928లో ఇచ్చాడు. దాన్ని కంప్యూటర్‌తో లెక్కకట్టే పద్ధతిని క్రివీ, గ్రూబర్ 1976లో రాశారు. పొడవులు, కోణాల మధ్య ఉండే సంబంధాలను బట్టి రెడ్యూస్డ్ సెల్స్ 44 రకాలు. ప్రొటీన్ వాళ్లు వాడే ఎక్స్‌డీఎస్ ప్రోగ్రామ్ ఈ 44నీ ఒక పట్టికగా అచ్చేసి, ఏది ఎంత బాగా సరిపోయిందో పక్కన ఒక అంకె ఇస్తుంది. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. 1 దగ్గర ఉన్నవి కొన్ని, ఒక్కసారిగా 100, 200 దాటినవి కొన్ని. ఆ గెంతు ఎక్కడుందో చూసి, దానికి ముందున్నవాటిలో ఎక్కువ సిమెట్రీ ఉన్నదాన్ని పరీక్షించడం అలవాటు.

నా కోక్రిస్టల్‌కి మోనోక్లినిక్ సి సెంటర్డ్ సెల్ (ఒక జత ముఖాల మధ్యలో అదనపు పాయింట్ ఉన్నది) చక్కగా సరిపోయింది. ఎ 24.6, బి 5.10, సి 15.8, బీటా 124.0, వాల్యూమ్ 1643, అంటే మొదటి సెల్‌కి సరిగ్గా రెట్టింపు. స్పేస్ గ్రూప్ సి 2/సి. స్ట్రక్చర్ వెంటనే సాల్వ్ అయింది. కానీ షెల్‌ఎక్స్‌ఎల్ ప్రోగ్రామ్‌లో రిఫైన్ చేశాక (పరమాణువుల స్థానాలను డేటాకి అమరేలా సవరించాక) అవుట్‌పుట్ కింద పెద్ద కోరిలేషన్ల జాబితా కనిపించింది. దాదాపు ప్రతి పరమాణువుకీ దాని ఎక్స్, జడ్‌ల మధ్య 0.56 దగ్గర కోరిలేషన్. 124 డిగ్రీల కోసైన్ ఎంతో చూడండి, మైనస్ 0.56. అక్షాలు అంత వాలుగా ఉంటే ఒక దిశలో పరమాణువు కొంచెం కదిలినా రెండు కోఆర్డినేట్లూ కలిసి మారతాయి. జాబితా అంతా దాని ప్రభావమే.

ఎ, సి వెక్టర్లను కూడి కొత్త ఎ చేసుకుని, బి, సి దిశలు తిప్పుకుంటే సెల్ ఇలా మారింది: 20.5, 5.10, 15.8, బీటా 95.7. ఇప్పుడు మధ్య పాయింట్ ముఖం మీద లేదు, సెల్ నడిబొడ్డుకి వచ్చింది. స్పేస్ గ్రూప్ పేరు ఐ 2/ఎ. అదే 15వ నంబర్ గ్రూప్. మళ్లీ రిఫైన్ చేస్తే ఆర్ విలువ (నమూనాకీ డేటాకీ ఉన్న తేడా) అంతే, బాండ్ పొడవులు అంతే, కోరిలేషన్ల జాబితా మాత్రం ఖాళీ. సి 2/సి అందరికీ అలవాటైన పేరు కాబట్టి అదే ఉంచాలనేవాళ్లు ఉన్నారు. నేను 90కి దగ్గరగా ఉన్న కోణం వైపే మొగ్గుతాను. ప్యాకింగ్ బొమ్మ గీసినప్పుడు కూడా కంటికి సులువుగా ఉంటుంది.

అయితే ఒక హెచ్చరిక. కోణాలు 90 వచ్చినంత మాత్రాన సిమెట్రీ ఉన్నట్టు కాదు. మా ల్యాబ్‌లోనే ఒక శాంపిల్‌కి మూడు కోణాలూ 90కి అతి దగ్గరగా వచ్చాయి. ప్రోగ్రామ్ ఆర్థోరాంబిక్ అంది. ఆ సిమెట్రీలో సమానంగా ఉండాల్సిన రిఫ్లెక్షన్లను కలిపితే ఆర్ ఇంట్ (అవి ఒకదానితో ఒకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 0.3 దాటింది. మోనోక్లినిక్‌గా కలిపితే 0.04. సెల్ ఆకారం అబద్ధం చెప్పగలదు గానీ ఇంటెన్సిటీలు చెప్పవు. ఇలాంటి క్రిస్టల్ ట్విన్ (వేర్వేరు దిశల్లో ఉన్న క్రిస్టల్స్ ఒకటిగా అతుక్కున్నది) అయ్యే అవకాశమూ ఎక్కువే, కాబట్టి అదీ చూడాలి. దీనికి ఎదురు రకం పొరపాట్లు, అంటే ఉన్న సిమెట్రీని గమనించకుండా తక్కువ గ్రూప్‌లో ప్రచురించినవి, సాహిత్యంలో చాలా ఉన్నాయి. కాల్‌టెక్‌లో పనిచేసిన రిచర్డ్ మార్ష్ వాటిని దశాబ్దాల పాటు ఓపికగా వెతికి సరిదిద్దాడు. ఆయన మీద నాకు చాలా గౌరవం. ఇప్పుడు ప్లాటన్ ప్రోగ్రామ్‌లోని యాడ్‌సిమ్ ఆ పని క్షణాల్లో చేసిపెడుతుంది. పేపర్ పంపేముందు దాన్ని నడపకపోవడానికి సాకు లేదు.

ప్రొటీన్ క్రిస్టల్స్ చేసే మా ఫ్రెండ్‌కి ఎదురైన సమస్య ఇంకో రకం. ఆమెది టెట్రాగొనల్, పి 4₃. క్రిస్టల్స్ చిన్నవి, ఎక్స్‌రేకి త్వరగా పాడైపోతాయి కాబట్టి ఒక్కోదాని నుంచి కొంత డేటా తీసి అన్నీ కలపాలి. ఏ క్రిస్టల్ డేటా దానికది బ్రహ్మాండంగా ఉంది. రెండు కలిపితే ఘోరం. ఒకరోజు ఫోన్ చేసి "సెల్ అంకెలు దశాంశం దాకా ఒకటే ఉన్నాయే, మరి ఎందుకు కలవట్లేదు?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని చూశాం. టెట్రాగొనల్ లాటిస్‌లో ఎ, బి సమానం. వాటిని ఒకదానితో ఒకటి మార్చి సి దిశను తిప్పితే లాటిస్ అచ్చు అలాగే ఉంటుంది. కానీ పి 4₃లో ఆ తిప్పడం క్రిస్టల్ సిమెట్రీలో భాగం కాదు. అందుకని ఇండెక్సింగ్ ప్రోగ్రామ్‌కి రెండు దారులూ సమానంగా కనిపిస్తాయి. ఒక క్రిస్టల్‌కి ఒక దారి, మరో క్రిస్టల్‌కి మరో దారి పట్టొచ్చు. పి 6 రకం గ్రూపుల్లోనూ రెండు దారులే, పి 3లో నాలుగు. లైసోజైమ్ అనే ప్రొటీన్‌తో ప్రాక్టీస్ చేసినవాళ్లకి ఇది తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే దాని పి 4₃2₁2లో ఆ తిప్పడం సిమెట్రీలోనే ఉంది.

పరిష్కారం తేలికే. ఒక డేటాసెట్‌ని ఆధారంగా పెట్టుకుని, మిగతా ప్రతిదాన్నీ రెండు రకాలుగానూ దానితో పోల్చి, కోరిలేషన్ ఎక్కువ వచ్చినదాన్ని ఉంచుకోవాలి. పాయింట్‌లెస్ ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది. ఆమె డేటాలో సుమారు సగం సెట్లకి హెచ్, కె మార్చి ఎల్ గుర్తు మార్చాల్సి వచ్చింది. మార్చాక అన్నీ కలిసిపోయాయి. ఇదే చిక్కు అమెరికాలోని ఎల్‌సీఎల్‌ఎస్ ఎక్స్‌రే లేజర్ దగ్గర తీసిన ఫోటోసిస్టమ్ వన్ అనే ప్రొటీన్ డేటాకీ వచ్చింది. 2011లో ప్రచురించిన ఆ పనిలో ఒక్కో నానోక్రిస్టల్ నుంచి ఒక్కో ఫ్రేమే దొరుకుతుంది. దారి తేల్చే వీలు లేక రెండూ కలిసిపోయి, అసలు పి 6₃ కాస్తా పి 6₃22లా కనిపించింది. అలాంటి డేటాను ఆధారం ఏదీ లేకుండానే రెండు గుంపులుగా విడదీసే పద్ధతిని బ్రెహ్మ్, డీడెరిక్స్ 2014లో చూపించారు. దాని వెనకున్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం. ప్రతి ఫ్రేమ్‌నీ మిగతా ఫ్రేములన్నిటితో పోల్చి, ఎవరు ఎవరికి దగ్గరో చూస్తే గుంపులు వాటంతటవే విడిపోతాయి.

ఇప్పుడు నా పద్ధతి ఏమిటంటే, పూర్తి డేటా తీయకముందే రెడ్యూస్డ్ సెల్‌తో కేంబ్రిడ్జ్ డేటాబేస్‌లో (ఇప్పటికే తెలిసిన క్రిస్టల్ స్ట్రక్చర్ల నిల్వలో) వెతుకుతాను. ఆ వెతుకులాట మనం ఏ సెల్ ఇచ్చినా ముందు రెడ్యూస్ చేసుకునే పోలుస్తుంది కాబట్టి, పేపర్‌లో ఏ గడి గీశారన్నది అడ్డు రాదు. తర్వాత నోట్‌బుక్‌లో యంత్రం ఇచ్చిన సెల్, నేను ఎంచుకున్న సెల్, రెండిటి మధ్య మ్యాట్రిక్స్, దాని డిటర్మినెంట్ రాసుకుంటాను. డిటర్మినెంట్ మైనస్ వస్తే అక్కడే ఆగి సరిచూస్తాను, ముఖ్యంగా కైరల్ అణువు (కుడి, ఎడమ చేతుల్లా రెండు రూపాలుండేది) అయితే.

ఆ నోట్‌బుక్ ఇటీవల బాగా పనికొచ్చింది. ఒక ట్రైక్లినిక్ శాంపిల్‌ని 100 నుంచి 300 కెల్విన్ వరకు వేడి చేస్తూ సెల్ కొలుస్తున్నాం. 220 దగ్గర గ్రాఫ్‌లో ఎ, బి గీతలు హఠాత్తుగా విరిగాయి, ఆల్ఫా, బీటా కూడా స్థానాలు మార్చుకున్నాయి. ఫేజ్ మారిందా అని డీఎస్‌సీ (శాంపిల్ ఎక్కడ వేడి పీల్చుకుంటుందో చూసే పరీక్ష) చేస్తే పీక్ ఏమీ లేదు. వేడికి ఎ అక్షం బి కన్నా వేగంగా సాగుతోంది. 220 దగ్గర దాన్ని దాటేసింది. పొట్టిది ముందు రాయాలన్న నియమం ప్రకారం ప్రోగ్రామ్ అక్కడి నుంచి పేర్లు మార్చేసింది. 100 కెల్విన్ దగ్గరి సెల్‌ని ఆధారంగా పెట్టి, పై ఉష్ణోగ్రతల డేటా అన్నిటినీ అదే సెట్టింగ్‌లో రీఇండెక్స్ చేశాం. గీతలు రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటూ సాఫీగా వెళ్లాయి. ఇప్పుడు ఆ రెండు వాలుల్లో తేడా ఎందుకన్నది చూస్తున్నాం. ఎ అక్షం వెంట హైడ్రోజన్ బాండ్లు లేవు, బి వెంట ఉన్నాయి.